పశుపక్షుల నీతికథలు: జాతియు శీలమును

ఆంధ్రదేశమునఁ జదువుకొన్నవారి లోగిళ్లలోఁ బరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక పేరు వినని యిల్లు చాల యరుదు. 1853వ సంవత్సరమునఁ జెన్నపట్టణమునఁ బ్రకటింపఁబడిన యా గ్రంథమున మిత్రలాభము, మిత్రభేదము నను రెండు భాగములే కలవు. మిగిలిన విగ్రహసంధులను సూరి తెలుఁగున వ్రాయలేదు. ఆ కొఱఁతను దీర్పఁ బూనినవారిలోఁ గందుకూరి వీరేశలింగము పంతులుగా రొకరు. మూఢాచారములతోఁ బోరాడి, 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదిని రాజమహేంద్రవరమునఁ దొలి వితంతువివాహమును జరిపించిన యా మహనీయుఁడు హంసలకును నెమళ్లకును జరిగిన యుద్ధమును గూర్చి శ్రమపడి వ్రాయుట కొందఱకు వింతగాఁ దోఁపవచ్చును. నాకట్లు తోఁపదు. బడిలోఁ బిల్లలకు బోధించువాఁడును, సంఘమును దిద్దఁబూనినవాఁడును గూడ త్వరలోనే యొక సంగతిని గ్రహింతురు. మనుష్యుఁడు తన తప్పును సూటిగాఁ జెప్పిన వినఁడు; నక్కమీఁదఁ బెట్టి చెప్పిన వినును.

ఈ కథలు నడచిన దూర మింతంత కాదు. విష్ణుశర్మ యను పండితుఁడు మహిలారోప్యమున నమరశక్తి యను రాజుయొక్క మందబుద్ధులగు మువ్వురు కొడుకులను ఆఱు మాసములలో నీతిజ్ఞులను జేసెదనని ప్రతినపట్టి చెప్పిన కథలని పంచతంత్రమే తన పుట్టుకను జెప్పుకొనుచున్నది. ఆఱవ శతాబ్దమునఁ బారసీక చక్రవర్తి యగు ఖుస్రూ అనూషిర్వాను కాలమున బుర్జోయి యను వైద్యుఁడు వీనిని పహ్లవీభాషలోనికి మార్చెను. ఎనిమిదవ శతాబ్దమున ఇబ్నుల్ ముఖఫ్ఫా యనునాతఁడు పహ్లవినుండి యరబ్బీలోనికిఁ దెచ్చెను. మన కరటక దమనకు లచ్చటఁ గలీలయు దిమ్నయు నైరి. అరబ్బీనుండి గ్రీకునకును హీబ్రూనకును, హీబ్రూనుండి లాటినునకును, ఆ దారిని ఐరోపాభాషలకును గథలు ప్రాఁకెను. 1570లోఁ దామస్ నార్తు ఇంగ్లీషునఁ బ్రకటించెను. ఫ్రెంచికవి లాఫొంతేను 1678లోఁ దన రెండవ కథాసంపుటమును వెలువరించుచు, పిల్పాయి యను భారతీయ జ్ఞానికిఁ దాను ఋణపడియున్నట్లు ఒప్పుకొనెను. అక్బరు పాదుషా కోరికపై అబుల్ ఫజలు పారసీకమున మరల సుబోధముగా వ్రాసెను. తెలుఁగున సూరికిఁ జాల ముందే దూబగుంట నారాయణకవియు, బైచరాజు వేంకటనాథకవియుఁ బంచతంత్రమును బద్యములలోఁ జెప్పియుండిరి. అగ్నిపూజకులు, ముసల్మానులు, యూదులు, క్రైస్తవులు నొకరి చేతినుండి యొకరు ఈ మూటను అందుకొనిరి. ఒకరి గుడిలో నొకరు కాలు పెట్టుటకు సమ్మతింపని కాలములలోఁ గూడ, ఒకరి కథ నొకరు వినుటకు మాత్ర మెవ్వరికిని మైల తోఁపలేదు.

దీనికిఁ గారణ మేమి? జంతువులు మాటలాడుట పిల్లలకు ముచ్చట గొల్పుననుట నిజమే కాని, అది చాలదు. రాజులును వైద్యులును మంత్రులును గూడ వీనికై యింత పాటుపడిరి గదా. నాకుఁ దోఁచున దిది. కథలోని కొంగను జూచి నవ్వునపుడు వినువాఁడు తన కావలివానిని నిద్రపుచ్చును. అభిమానము, కులగౌరవము, గురుభక్తి మొదలగు తలుపు లన్నియుఁ దెఱచియుండఁగాఁ దీర్పు లోపలఁ బ్రవేశించును. హీబ్రూవారి బైబిలునందు నాతాను ప్రవక్త దావీదురాజునకుఁ జెప్పిన కథ యిట్టిదే. ధనికుఁడొకఁడు బీదవాని యొక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాగుకొని యతిథికి వండించెనని చెప్పఁగానే రాజు కోపించి యా ధనికుఁడు చావఁదగినవాఁడని తీర్పు చెప్పెను. ఆ ధనికుఁడు నీవే యని ప్రవక్త చెప్పునప్పటికి రాజు తన తీర్పును మరలించుకొను దారి లేదు.

మన ప్రాచీన ఋషు లీ యుపాయము నెఱుఁగనివారు కారు. ఛాందోగ్యోపనిషత్తు మొదటి యధ్యాయమున శునకముల యుద్గీథమని యొక చిన్న ఘట్టము గలదు. ఆఁకలిగొన్న కుక్కలు కొన్ని యొక తెల్లకుక్కను జేరి, మాకు అన్నము దొరకునట్లు గానము చేయుమని వేఁడును. మఱునాఁడు ప్రొద్దున నవి యజ్ఞమున ఋత్విజు లొకరి నొకరు పట్టుకొని నడచినట్లు నడచి, కూర్చుండి, హింకారముచేసి, అన్నపానములకై పాడును. దేవతయో ఋషియో శునకరూపమున వచ్చి యుపదేశించెనని భాష్యకారుఁడు చెప్పినాఁడు, అట్లే యగుఁగాక. కాని పొట్టకై మంత్రము పఠించువారిని వేదాంతమే కుక్కల వరుసలో నిలిపి చూపినదనుటను ఏ భాష్యమును బూర్తిగా మాపఁజాలదు. ఇదే మాటను సంస్కర్త యొకఁడు సభలో నుచ్చరించిన రాళ్లు పడును. ఉపనిషత్తులోఁ గుక్కలు చెప్పినందున దినదినముఁ బారాయణము జరుగుచున్నది!

ఇట్టి జంతువులలో మనవా రెక్కువ మక్కువతోఁ జిత్రించినది తపస్సు చేయు పిల్లిని. ఏడవ శతాబ్దపుఁ బల్లవశిల్పులు మామల్లపురమునఁ బెద్దబండపై భగీరథుఁడో యర్జునుఁడో యగు తాపసుని జెక్కి, దాపుననే వెనుకకాళ్లపై నిలిచి ముందుకాళ్లు పైకెత్తి తపస్సు చేయు పిల్లిని, దాని చెంత నెలుకలను జెక్కిరి. అంత గంభీరమైన పుణ్యదృశ్యములో నీ నవ్వును జొప్పించుటకు వారు జంకలేదు. మనుస్మృతి నాలుగవ యధ్యాయము ధర్మధ్వజమెత్తి లోకమును మోసగించువానికి బైడాలవ్రతికుఁడని, అనఁగాఁ బిల్లివ్రతము పట్టినవాఁడని పేరు పెట్టి, యట్టివానికి నీరైన నీయవలదన్నది. సూరిగారి బంగారుకంకణపుఁ బులి యీ పిల్లికిఁ బెద్దయన్న. అది ముసలితనమున దర్భలు చేతఁబట్టి, స్నానముచేసి, దానమిచ్చెదనని బాటసారిని బిలిచి, బురదలోఁ దిగఁబడినవానిని దినివేసినది.

అయితే యీ యాయుధమునకు రెండంచులు గలవు. మహాభారతోద్యోగపర్వమున గంగాతీరమున మునివేషము పూని యెలుకలను దిన్న పిల్లికథను జెప్పించినవాఁ డెవఁడు? సుయోధనుఁడు! ఉలూకుని దూతగాఁ బంపి, ధర్మరాజే యా పిల్లియని చెప్పించినాఁడు. కపటిని బట్టుటకుఁ బుట్టిన కథను గపటియే ధర్మాత్మునిమీఁదఁ బ్రయోగించెను. సంస్కరణోద్యమమున నుండువారు దీనిని బాగుగా నెఱుఁగుదురు. వితంతువునకుఁ బెండ్లి చేసినవానిని, అంటరానివాని నింటికిఁ బిలిచినవానిని దొంగతపసి యని పిలుచుటకుఁ గథలు వెదకినవారు తక్కువ గారు.

కథలపై నాక్షేపణలు లేకపోలేదు. రూసో 1762లోఁ బ్రకటించిన 'ఎమీలు' గ్రంథమున లాఫొంతేను కథలను బసిపిల్లలకుఁ జెప్పఁగూడదని గట్టిగా వాదించెను. కాకి నోటి ముక్కను నక్క పొగడ్తతోఁ గాజేసిన కథ విన్న పిల్లవాఁడు కాకిని జూచి నవ్వును, నక్క కావలెనని కోరును అని యతని భయము. ఈ భయము నిరాధారము గాదు. మిత్రభేదమున దమనకుఁడు సింహమునకును వృషభమునకును గల మైత్రిని జెఱచి, నిరపరాధియగు సంజీవకుని జంపించి, మంత్రిపదవిలోనే నిలిచియుండును. అరబ్బీ గ్రంథమున దిమ్నను న్యాయసభకీడ్చి విచారించి శిక్షించు నధ్యాయ మొకటి యదనముగాఁ గలదు. ఇబ్నుల్ ముఖఫ్ఫాయే దానిని జేర్చెనని పండితుల తలంపు. పరదేశి పాఠకుని మనస్సు కూడ, మన పిల్లల మనస్సువలెనే, "తరువాత వానికేమైనది?" అని యడిగినదన్న మాట. పంచతంత్రము రాజనీతి, అది మోక్షశాస్త్రము గాదు. స్త్రీల నధమముగాఁ జిత్రించు కథలును అందుఁ గొల్లలుగాఁ గలవు. వానిని గృహములలోఁ జదువఁబనిలేదని చెప్పుటకు నే నేమియు సంకోచింపను.

ఇఁక నసలు సంగతికి వచ్చెదను. ఈ కథలు జాతిభేదమును బోధించునా? కులమును శీలమును దెలియనివానికి నింట నెలవీయరాదని హితోపదేశమున నొక సూక్తి కలదు. సనాతనులు దానిని వాదములలో నుదాహరింతురు. ఆ సూక్తికి దృష్టాంతముగాఁ జెప్పఁబడినది జరద్గవుని కథ. భాగీరథీతీరమున గృధ్రకూటపర్వతముపై నొక జువ్విచెట్టు, దాని తొఱ్ఱలో జరద్గవమను ముసలి గ్రద్ద. గోళ్లు రాలి, కన్ను లుడిగిన యా పక్షికిఁ జెట్టుమీఁది పులుఁగులు దయతోఁ దమ యాహారములోఁ గొంచెము కొంచెము పెట్టుచుండును. అది వాని పిల్లలకుఁ గాపుండును. దీర్ఘకర్ణమను పిల్లి యటు వచ్చినది. తొలఁగిపొమ్ము, లేకున్నఁ జచ్చెదవని గ్రద్ద కసరఁగా, నా పిల్లి యేమన్నదో చిత్తగింపుఁడు. జాతిమాత్రముచేత నెవఁడైన వధింపఁదగినవాఁడో పూజింపఁదగినవాఁడో యగునా? నడవడి నెఱిఁగి తరువాత నిర్ణయింపుము, అన్నది!

ఎంత గొప్పమాట! బ్రాహ్మసమాజపు వేదికనుండి రామమోహనరాయలు 1828 మొదలుకొని చేసిన బోధకు సరియైన మాట. దానిని గ్రంథకర్త పిల్లినోటఁ బెట్టినాఁడు. ఆపై నా పిల్లి తాను నిత్యము గంగాస్నానము చేయుదుననియు, మాంసము మానితిననియు, చాంద్రాయణవ్రత మాచరించుచున్నాననియుఁ జెప్పి, యహింసయే పరమధర్మమని యుపన్యసించి, తొఱ్ఱలోఁ జోటు సంపాదించెను. కొన్నాళ్లకు పక్షిపిల్లలను దెచ్చి తిని, పక్షులు వెదకులాడఁగానే జాఱుకొన్నది. తొఱ్ఱలో నెముకలను జూచి పక్షులు గ్రద్దయే తిన్నదని తలఁచి దానిని జంపినవి.

దీనిని నేను మొదటఁ జదివినపుడు మనస్సు కలఁతపడినదని యొప్పుకొనవలెను. మనము ప్రాణముగాఁ జూచుకొను వాక్యము మోసగాని నోటినుండి వచ్చినది. దానిని నమ్మిన ముసలి జీవి చచ్చినది. సంస్కర్తలు వట్టి మాటకారులు, వారిని నమ్మిన గూడు నాశనమగునని యీ కథ చెప్పుచున్నదా? పెక్కుమా ఱాలోచించిన పిమ్మట నాకు వేఱుగాఁ దోఁచినది. పిల్లి చెప్పిన నియమమేమి? జాతిని జూడకుము, నడవడిని జూడుము. గ్రద్ద చేసినదేమి? జాతిని జూచుట మానినది. నడవడిని జూచుట యారంభింపనే లేదు. వ్రతముల పట్టికను, శాస్త్రవాక్యములను వినినది. అవి నడవడి కావు, నడవడిని గూర్చిన మాటలు మాత్రమే. పిల్లి చెప్పిన సూత్రమును గ్రద్ద నిజముగాఁ బాటించియుండినచో నాలుగు దినములు కనిపెట్టి చూచియుండును. అంతలో దాని గుట్టు బయటపడెడిది. కావున నీ కథ యా వాక్యమును ఖండించుట లేదు. సగము పాటించినవాని గతిని జూపుచున్నది. గంగాస్నానమును జాంద్రాయణమును శీలమని పొరపడుట యే మతమునఁ బెరుగునో చదువరులకు వేఱుగఁ జెప్పనక్కఱ లేదు. అయినను మనవారు తృప్తిపడి కూర్చుండరాదు. సమాజమందిరమునఁ జక్కఁగాఁ బ్రార్థన చేయుటయు నొక చాంద్రాయణము గావచ్చును.

పక్షుల మాటయు విచారింపఁదగినది. ఈ కథ వినిన బాలుఁడెవఁడైన నడుగును: ఆ పక్షులు గ్రద్ద నేల యడుగలేదు? నిజమే, అవి యడుగలేదు. ఎముకలు కనఁబడినవి, తీర్పు జరిగినది. ఇన్నాళ్లు తాము పెట్టిన కూడు తినిన గ్రుడ్డిజీవి, తాను నెగిరిపోయి పిల్లలను బట్టఁజాలదని యొక్క పులుఁగునకైనఁ దట్టలేదు. పంచతంత్రము నైదవ భాగమునకుఁ బరీక్షింపక చేసిన పనియని పేరుంచి, పామును జంపి బిడ్డను గాచిన ముంగిసను తల్లి తొందరపడి చంపిన కథను జెప్పుట కిదియే కారణము. కులపెద్దలు పిలువక, యడుగక, యొకరి యింటిపై వెలి వేయు పద్ధతి నెఱిఁగినవారికి జువ్విచెట్టు మీఁది న్యాయసభ కొత్తది గాదు.

మఱియొక సంగతి. ఈ కథను విడిగా నెత్తి చదువుటయే పొరపాటునకు మూలము. గ్రద్దకథను జెప్పినది సుబుద్ధి యను కాకి. క్షుద్రబుద్ధి యను నక్క లేడితోఁ జెలిమికి రాఁగా దానిని వారించుటకుఁ జెప్పినది. అప్పుడు నక్క, నీవు లేడిని మొదటఁ గలిసికొన్ననాఁడు నీ కులశీలములు మాత్ర మెవరి కెఱుక, అని బదులు చెప్పెను. నక్క మోసకాఁడే, ప్రశ్న మాత్రము ముక్కుసూటిది. ఆ కథ నంతయు మరల హిరణ్యకుఁ డను మూషికము లఘుపతనకుఁ డను కాకికిఁ జెప్పుచున్నది. ఎందుకు? నీవు తినువాఁడవు, నేను తినఁబడువాఁడను, మనకుఁ జెలిమి పొసఁగదని నిరూపించుటకు. ఇట్లు కథలో కథ, దానిలో కథ. లోపలి కథలను జూపి జాతివైరమును సమర్థించువారు వెలుపలి కథ యెట్లు ముగిసెనో చెప్పరు.

వెలుపలి కథ యిది. వలలోఁ బడిన కపోతరాజు చిత్రగ్రీవుఁడు తన పరివారముతో వల నెత్తుకొని యెగిరి హిరణ్యకుని కలుఁగు చేరెను. మిత్రుఁడు మొదటఁ దన బంధములను గొఱుకఁబోఁగా వలదని, ముందుగా నన్నాశ్రయించినవారి కట్లు తెంపుమని వేఁడెను. పల్లు చాలినంతవఱకు నీవి తెంపి, తరువాత వారివి తెంపెదనని మూషికము రాజనీతి చెప్పినను వినలేదు. ఇదంతయు దూరమునుండి చూచినది లఘుపతనకుఁడు. ఆ కాకికి హిరణ్యకుని కులము తెలియును; అది తన యాహారము. ఆ దినము దాని శీలమును గన్నులారఁ జూచెను. అందుచేతనే మైత్రి కోరెను. హిరణ్యకుఁడు కలుఁగులోనుండియే పెక్కు వాదములు చేసెను. కాకి నిన్ను దినినను నాకుఁ గడుపు నిండదనియు, చెలిమి దొరకకున్న నిచ్చటనే నిరాహారముగాఁ బడియుండి ప్రాణము విడుతుననియుఁ బలికెను. చివరకు మూషికము వెలుపలికి వచ్చినది. జరద్గవుఁడు చేయని పనిని లఘుపతనకుఁడు చేసెను: ముందు చూచెను, తరువాతఁ గోరెను. హిరణ్యకుఁడును వాదములన్నియుఁ జేసి, యెదుటివాని పట్టుదలను బరీక్షించి కాని కలుఁగు విడువలేదు. ఇది వట్టి యుదారవాక్యమునకు లొంగుట గాదు.

కులము తెలియనివాని నేమి చేయవలెనను ప్రశ్నకు ఛాందోగ్యమే నాలుగవ యధ్యాయమున వేఱొక యుత్తర మిచ్చియున్నది. జబాల కొడుకు సత్యకాముఁడు హారిద్రుమతుఁడగు గౌతముని యొద్దకుఁ బోయి శిష్యునిగాఁ గైకొనుమనఁగా నాతఁడు గోత్ర మడిగెను. తల్లి తనకుఁ దెలియదని చెప్పిన మాటనే బాలుఁడు దాఁచక చెప్పెను. నిజము విడువనందున గౌతముఁడు వానిని స్వీకరించెను. ఆశ్రమములో నెలవిచ్చినది కులము చూచి కాదు. అట్టి సత్యకామునకు బ్రహ్మముయొక్క నాలుగు పాదములను ముందుగా బోధించినవా రెవరు? ఒక యెద్దు, అగ్ని, ఒక హంస, మద్గువను నీటిపక్షి. జంతువులచేత ధర్మము చెప్పించుట బాలురకొఱకు మాత్రమే యేర్పడిన పద్ధతి యనువా రీ ఘట్టము నొకపరి చూతురు గాక.

నీలిబానలోఁ బడి రాజైన నక్కకథను, ముని కూఁతురుగాఁ బెంచిన యెలుక సూర్యుని, మేఘమును, వాయువును, పర్వతమును గాదని మరల నెలుకనే వరించిన కథను గూడఁ గొందఱు జాతివాదమునకు వాడుదురు. వానిని గూర్చి విస్తరింపను. నక్క చెడినది నక్క యైనందుకుఁ గాదు. గద్దె యెక్కఁగానే తన తోడినక్కలను దఱిమివేసినందుకు. హితోపదేశము దానికిఁ బెట్టిన వ్యాఖ్యయే స్వపక్షమును విడిచినవాని నాశమని యున్నది. పట్టా పుచ్చుకొని నగరముఁ జేరి, తమ యూరివారిని గుర్తుపట్టని మన విద్యావంతులలోఁ గొందఱకు నిది చదివి వినిపింపవలెను. ఎలుకపిల్ల కథ మాత్రము వట్టి నవ్వుకథ; దాని నవ్వి విడుచుట మేలు. ఎలుక యెలుకనే పెండ్లాడుట ప్రకృతి, మనుష్యు లందఱ దొక్కటే జాతి గనుక నందలి సామ్యము మనకుఁ జెల్లదు.

కావున నిండ్లలోను బడులలోను నీ కథలను బోధించువారికి నా మనవి యొక్కటే. మిత్రలాభమును ముక్కలుగాఁ గత్తిరించి పాఠములు కూర్పవలదు. జరద్గవుని కథ చెప్పిన దినముననే యాగిపోక, దాని నెవరు, ఎవరికి, ఎందుకుఁ జెప్పిరో పిల్లలచేతఁ జెప్పింపవలెను. పిల్లలు పక్షులను దప్పుపట్టుదురు, పిల్లి యేమైనదని యడుగుదురు, గ్రద్ద పాపమని కొందఱందురు, గ్రద్ద తెలివితక్కువదని కొందఱందురు. గురువు తొందరపడి తీర్పు చెప్పక, వారిని వాదించుకొననీయవలెను. మఱునాఁడు కాకి కలుఁగు వాకిట నిలిచి బ్రతిమాలు కథ చెప్పి, హిరణ్యకుఁడు వెలుపలికి రావలెనా, వలదా యని యడిగి చూడుఁడు. పిల్లలలో రెండు పక్షము లేర్పడును. ఆ పూఁట పుస్తకము మూసినను వాదము మాత్ర మింటిదాఁక నడచును.